కోసిన మర

"నీ సంతకం కూడా నేనే పెట్టేశాలే. నీకెందుకు శ్రమ?" అన్నారు మా ఆయన, నేను తోముతున్న గిన్నెల మధ్య తన కాఫీ గ్లాసు పడేస్తూ.

ఇవాళ లారీ ఎక్కే సరుకు పరీక్ష రిపోర్టు మీద నేను పెట్టాల్సిన సంతకం అది.

ఇద్దరిదీ ఒకటే ఫ్యాక్టరీ. ఆయన షిఫ్టు సూపర్‌వైజరు. నేను పరీక్షల గదిలో. రోగుల్ని మంచం మీంచి లేపే యంత్రాలకు అల్యూమినియం బ్రాకెట్లు చేస్తాం. బ్రాకెట్ రంధ్రం లోపలి మరకు, అంటే బోల్టును పట్టి ఉంచే చుట్లకు, బోల్టు బిగించి, ఆ మర ఊడొచ్చేదాకా లాగి, ఎంత బరువుకు ఊడిందో రాయడం నా పని. "మీట నొక్కితే జీతమా! అదృష్టవంతురాలివి తల్లీ," అంటారు అత్తయ్య, నా చేతికి చీపురు అందిస్తూ.

రంధ్రంలో మర తీసే పనిముట్టును ట్యాపు అంటాం. ఒత్తే ట్యాపు లోహాన్ని కోయదు. పక్కకు నెట్టి, గట్టిపరిచి మర తీస్తుంది. దానికి రంధ్రం కాస్త పెద్దదిగా ఉండాలి. కోసే ట్యాపుకు చిన్నది చాలు. పోయిన వారం ఒత్తే ట్యాపులు అయిపోతే, ఆయన కోసేవి ఎక్కించారు. డ్రిల్లు మాత్రం మార్చలేదు. పెద్ద రంధ్రంలో కోస్తే మర సగం లోతు కూడా రాదు.

బ్రాకెట్ల సంచిలో, కోస్తేనే రాలే లోహపు రజను ఎన్నడూ లేనిది కనిపించి నాకు అనుమానం వచ్చింది. లాగి చూశాను. ఒత్తిన మరలు పద్నాలుగు వందల కిలోలు దాటాక గానీ ఊడలేదు. ఇవి ఆరు వందల ముప్పైకే ఊడొచ్చాయి. వెయ్యికి తగ్గితే పంపకూడదు.

"రోగి బరువెంత? ఎనభై కిలోలు. ఆరొందలు చాలవా?" అన్నారు ఆయన, నేను ఆ లెక్క గుర్తు చేస్తే.

"రోజూ ఇరవైసార్లు ఎత్తి దించుతారండీ. మర అరిగి, మనిషి కింద పడతాడు."

"అబ్బో, ఇంజనీరమ్మ! మొగుడి ఉద్యోగం తీయించి హారతి పట్టుకో. లారీ పదింటికి. నోరు మూసుకో."

కొళాయి కట్టేశాను. నీకెందుకు శ్రమ. ఈ మాట ముందూ విన్నాను. రెండో కాన్పులో నేను స్పృహలో లేనప్పుడు, ఇక పిల్లలు పుట్టకుండా ఆపరేషన్‌కు ఒప్పుకుంటున్నట్టు కాగితం మీద నా సంతకం పడింది. నా పేరే, చివర నేను తిప్పే వంకరతో సహా. చేయి మాత్రం నాది కాదు. "అచ్చం పెళ్ళాంలాగే పెట్టాడు," అని అత్తయ్య మురిసిపోయారు. కుట్లు లాగుతుంటే నేనూ నవ్వాను. అదీ నా తప్పు. ఆరేళ్లుగా ఆ నవ్వు నన్ను తింటోంది.

తొమ్మిదిన్నరకు పరీక్షల గది తలుపు లోపలి నుంచి గడియ పెట్టాను. ఇంకో బ్రాకెట్ బిగించి లాగాను. ఆరు వందల నలభై. బోల్టు చుట్టూ తెగిన మర స్ప్రింగులా వేలాడుతోంది.

ఫోను చెవికి పెట్టుకున్నాను. తలుపు అద్దం అవతల ఆయన. "ఏమే, తలుపు తియ్! ఎవరికి ఫోను?"

బ్రాకెట్లు కొనే కంపెనీ తనిఖీ అధికారి అవతల ఫోను ఎత్తాడు. ముందు నా పేరు చెప్పాను.

"సార్, ఆ రిపోర్టు మీద సంతకం నాది కాదు. ఎవరిదో చెప్తాను, రాసుకోండి."