మర్డోకు వడదెబ్బ

ఆరేళ్లు లండన్ దగ్గరి స్లౌలో ఉన్నాడు కాబట్టి చలి అంటే తనకు తెలుసనుకున్నాడు చలపతి. భార్య బిందుమాధవికి స్కాట్లండ్ కొండల్లో ఒక చిన్న ఊరి ఆసుపత్రిలో ఫిజియోథెరపిస్టు ఉద్యోగం వచ్చినప్పుడు, అతని బేసింగ్‌స్టోక్ కంపెనీ ఇంటి నుంచే పని చేసుకోమంది. అక్కడ వాతావరణం ఎలా ఉంటుందని ఇల్లు చూపించిన ఏజెంటును అడిగితే, "గాలి బాగుంటుంది" అన్నాడు.

డిసెంబరులో మైనస్ పద్నాలుగు వచ్చింది. తీగ మీద ఆరేసిన ప్యాంటు, తీసి కింద పెట్టాక కూడా తనంతట తాను నిలబడింది. దోసెల పిండి ఎన్ని రోజులైనా పులియలేదు. బాయిలరు ఉన్న అలమరలో పెడితే కొంచెం మనసు మార్చుకుంది. చలపతి మంకీ క్యాప్ పెట్టుకుని మీటింగులో కూర్చుంటే, రైల్వే స్టేషన్లో ఉన్నావా అని మేనేజరు అడిగాడు.

ఒక పొద్దున కుళాయిలో నీళ్లు రాలేదు. పక్కింట్లో మర్డో అని ఎనభై దాటిన మనిషి ఉన్నాడు. భార్య పోయాక ఒంటరిగా ఉంటున్నాడు. ఆయన పిలవకుండానే హెయిర్ డ్రయర్ పట్టుకుని వచ్చి, చొక్కా చేతులు మడిచి, సింకు కింద దూరి, గడ్డకట్టిన పైపును కరిగించాడు.

"ఈ ఏడు చలి పెద్దగా లేదు," అన్నాడు లేస్తూ.

అప్పటి నుంచి చలపతి చలిని ఆయన తన బాధ్యతగా తీసుకున్నాడు. రోజూ తలుపు తట్టి, చలపతి బతికే ఉన్నాడని కళ్లారా చూసుకుని వెళ్లేవాడు.

జూన్‌లో ఎండ కాసింది. మొదట ఇరవై ఆరు, తర్వాత ముప్పై ఒకటి. ఊళ్లో ఉన్న కాసిని ఫ్యాన్లూ అమ్ముడైపోయాయి. బడి మధ్యాహ్నానికే మూసేశారు. ఏడేళ్ల కూతురు సిరి ఇంటికొచ్చి, "ఇట్స్ బాయిలింగ్, డాడ్," అంది ఆ ఊరి యాసలో.

చలపతి పుట్టింది తాడిపత్రిలో. ముప్పై ఒకటిని అతను లెక్కచేయదలచుకోలేదు. మా ఊళ్లో ఇది ఫిబ్రవరి అని పోస్టు తెచ్చినామెకు కూడా చెప్పాడు. సాయంత్రానికి చల్లదనం కోసం వంటింటి గచ్చు మీద పడుకున్నాడు. వేడి బయటికి పోకుండా కట్టిన ఇల్లు అది. తన పని తాను చేస్తోంది.

"నలబై నాలుగు ఓర్చుకున్నోనివి, ముప్పై ఒకటికే ఇట్లా పండుకుంటే ఎట్లబ్బా?" అంది బిందుమాధవి.

"ఆడ ఫ్యానుండ్లా?" అన్నాడు చలపతి, లేవకుండానే.

మర్నాడు మిట్టమధ్యాహ్నం అతను మేడ మీద మీటింగులో ఉండగా కిటికీలోంచి మర్డో కనిపించాడు. ఇంత మంచి ఎండ మళ్లీ రాదని, ఉన్ని స్వెట్టరు వేసుకుని మిషనుతో గడ్డి కోస్తున్నాడు. కాసేపటికి మిషను చప్పుడు ఒకేచోట నిలిచిపోయింది. చలపతి చూసేసరికి మర్డో గడ్డిలో కూర్చుని ఉన్నాడు. ఇంకోసారి చూసేసరికి పడుకుని ఉన్నాడు.

"ఒక్క నిమిషం," అని మీటింగుకు చెప్పి, చలపతి చెప్పుల్లేకుండా పరుగెత్తాడు.

మర్డో ఒళ్లు కాలిపోతోంది. చెమట లేదు. చలపతిని చూసి "ఫ్లోరా" అన్నాడు. అది పోయిన భార్య పేరు. అంబులెన్సుకు ఫోన్ చేస్తే, బయలుదేరింది కానీ దూరం నుంచి రావాలన్నారు. చలపతి భార్యకు చేశాడు.

"మాధవీ, మర్డో పడిపోయినాడు. వడదెబ్బ తగిలినట్టుండాది."

"స్వెట్టర్ తీసెయ్. నీడకు తీస్కపో. తడిగుడ్డలు కప్పి ఇసురుతానే ఉండు."

"యెట్ల తీస్కపోయేది? నాకంటే బరువుండాడు."

"ఎట్లన్నా చెయ్. నేనొస్తాండా."

చలపతి ఇంట్లోకి పోయి, సిరి మంచు మీద జారే ప్లాస్టిక్ స్లెడ్జి తెచ్చాడు. మర్డోను దాని మీదికి దొర్లించి, తాడు భుజానికేసుకుని, గడ్డి మీదుగా షెడ్డు నీడకు లాగాడు. బడి లేక ఇంట్లోనే ఉన్న సిరి వెనక నుంచి తోసింది. స్నానాల తువ్వాళ్లు తడిపి కప్పి, అట్టపెట్టె మూతతో విసురుతూ కూర్చున్నాడు. ఏడుపొచ్చింది. విసరడం మాత్రం ఆపలేదు.

అంబులెన్సూ బిందుమాధవీ ఇంచుమించు ఒకేసారి వచ్చారు. అప్పటికి మర్డో కళ్లు తెరిచాడు. అంబులెన్సులో వచ్చినామె గడ్డి వంకా ఎండ వంకా చూసి, "ఈ స్లెడ్జి ఎవరిది?" అని అడిగింది.

"మైన్," అంది సిరి.

ఆమె తలూపి, మర్డోను ఎక్కించుకుని వెళ్లింది.

రెండు రోజుల్లో ఆయన్ని ఇంటికి పంపేశారు. ఎండ ఇంకా తగ్గలేదు. బిందుమాధవి ఆయన ఇంటికి వెళ్లి, ఎండ పడే వైపు కిటికీలన్నీ మూసి, కర్టెన్లు లాగి, ఉప్పూ జీలకర్రా వేసిన మజ్జిగ చేతికిచ్చింది. పాలు విరిగాయని మర్డో మర్యాదగా చెప్పాడు. ఇంకో గ్లాసు అడిగాడు. కర్టెన్లకు మాత్రం ఒప్పుకోలేదు.

"ఈ ఊళ్లో పట్టపగలు కర్టెన్లు వేస్తే, ఇంట్లో ఎవరో పోయారని అర్థం."

"తీసి ఉంచితే నిజంగానే పోతారు," అంది బిందుమాధవి.

కర్టెన్లు అలాగే ఉండిపోయాయి. సాయంత్రం లోపే చర్చికి వెళ్లే ఇద్దరు ఆడవాళ్లు నల్లబట్టల్లో వచ్చారు. ఒకామె చేతిలో సూపు గిన్నె, ఇంకొకామె చేతిలో కేకు. తలుపు మర్డోనే తీశాడు. కేకు తెచ్చినామె మెట్టు మీద కూలబడింది.

"నాకోసమే కదా తెచ్చారు," అని ఆయన రెండూ అందుకుని, వాళ్లను లోపలికి రమ్మన్నాడు. చలపతి కుటుంబాన్ని కూడా పిలిచాడు.

చల్లని చీకటి గదిలో అందరూ కూర్చుని తిన్నారు. మర్డో గురించి చెప్పాలని ఆ ఆడవాళ్లు మంచి మాటలు కొన్ని సిద్ధం చేసుకుని వచ్చారు. అవి వృథా కావడమెందుకని ఆయన ఎదుటే చెప్పారు. మర్డో తలొంచుకుని అన్నీ విన్నాడు. నదిలో పడిన గొర్రెను కాపాడింది మాత్రం తాను కాదని, తన తమ్ముడని సరిచేశాడు.