ఓడ కనబడే వేళ

బస్టాండు పక్కన బోర్డు పెట్టిస్తానని పంచాయతీ సెక్రటరీ రేవతి చెప్పింది. ఊళ్లో చూడదగ్గ చోట్లు అయిదు, వాటి కింద ఒక ఫోను నెంబరు. బస్సు దిగినవాళ్లు ఆ నెంబరుకు చేస్తే మనిషి వచ్చి అన్నీ తిప్పి చూపిస్తాడు. ఆ నెంబరు ఎవరిదో ఇంకా తేల్చలేదు.

తనదేనని ఆండ్రూ అనుకున్నాడు. పన్నెండేళ్లుగా అతను ఆటోలో జనాన్ని తిప్పుతున్నాడు. లైటుహౌసు, దొరల సమాధులు, ఉప్పుమళ్లు, పాత చర్చి. ఏ సమాధి మీద ఏ సంవత్సరం చెక్కి ఉందో చూడకుండా చెబుతాడు.

రెండేళ్ల కింద పెంచలకృష్ణ వచ్చాడు. కావలిలో సెల్‌ఫోన్ల కొట్టు మూసేసి బ్యాటరీ ఆటో కొన్నాడు. లైటుహౌసుకు ఎన్ని మెట్లో అతనికి తెలియదు. వచ్చినవాళ్లనే లెక్కపెట్టమంటాడు. వాళ్లు లెక్కపెడుతూ ఎక్కి, లెక్క తప్పి, నవ్వుకుంటూ దిగుతారు. అదంతా వీడియో తీసి పెడతాడు. అది చూసి నెల్లూరు నుంచి, ఒంగోలు నుంచి జనం వస్తున్నారు. బస్సు దిగి ఆండ్రూనే అడుగుతున్నారు, "పెంచలకృష్ణ గారెక్కడ?" అని. ఆ 'గారు' ఆండ్రూకు అన్నంలో రాయిలా తగిలేది. పన్నెండేళ్లలో తనను ఎవరూ గారు అనలేదు.

పెంచలకృష్ణ వీడియో పెట్టిన అయిదు నిమిషాల్లో ఆండ్రూ చూసేవాడు. ఎంతమంది చూశారో చూసి ఫోను జేబులో పెట్టేవాడు. కాసేపటికి మళ్లీ తీసేవాడు.

అయిదో చోటు ఓడ. ఎప్పుడో ఏరు సముద్రంలో కలిసేచోట, ఏటి మొగలో, ఇసుకలో కూరుకుపోయింది. పౌర్ణమికీ అమావాస్యకీ అటూ ఇటూ కొన్ని రోజులు, సముద్రం నీరు బాగా వెనక్కి తీసినప్పుడు దాని ఇనపకమ్ములు బయటపడతాయి. గంటసేపు కనబడతాయి. ఆ వేళ రోజుకు ముప్పావుగంట ఆలస్యమవుతూ పోతుంది. తిథి చూసి ఆ వేళ చెప్పగలిగినవాడు ఆటోవాళ్లలో ఆండ్రూ ఒక్కడే. వాళ్ల నాన్న దగ్గర నేర్చుకున్నాడు.

ఆదివారం పెంచలకృష్ణ ఆటోలో, సోమవారం ఆండ్రూ ఆటోలో అన్నీ చూసి నెంబరు తేలుస్తానంది రేవతి. శనివారం టీకొట్టు దగ్గర పెంచలకృష్ణ వచ్చి పక్కన కూర్చున్నాడు.

"ఆండ్రూ అన్నా, రేపు విదియ గదా. ఓడ ఎన్నింటికి కనబడతాది?"

"ఫోన్లో చూసుకోరాదా? అన్నీ దాన్లోనే ఉండాయి గదా నీకు."

"ఫోను మద్రాసు లెక్క చెప్తాదన్నా. మన ఏటి మొగ లెక్క నువ్వే చెప్పాల."

ఓడ కనబడేది సాయంత్రం నాలుగింటికి. ఆండ్రూ టీ తాగి గ్లాసు కింద పెట్టాడు.

"పొద్దున పదికి," అన్నాడు.

"చల్లగుండన్నా."

ఆదివారం పదింటికి ఆండ్రూ చర్చిలో ఉన్నాడు. గడియారం చూశాడు. ఆ వేళకు ఏటి మొగలో నీళ్లు తప్ప ఏమీ ఉండవు. పాట అందుకుని గట్టిగా పాడాడు. భార్య కెజియా ఆ రోజు చర్చికి రాలేదు. ఆమె తమ్ముడు వల వేశాడు, ఒడ్డుకు లాగాలి.

ఆరాధన ముగిసి బయటికి వచ్చేసరికి వీడియో వచ్చింది. ఓడ లేదు. ఒడ్డున తాడు పట్టుకుని ఇరవైమంది వల లాగుతున్నారు. వాళ్లలో నెల్లూరు నుంచి వచ్చినవాళ్లున్నారు. చీర కుచ్చెళ్లు ఎత్తి దోపుకుని రేవతి ఉంది. ముందర కెజియా అరుస్తోంది: "లాగు మేడమ్ లాగు! ఇది ఆఫీసులో సంతకం గాదు!" అందరూ నవ్వారు. కెజియా కూడా నవ్వింది. ఇంట్లో ఆమె అలా నవ్విన రోజు ఆండ్రూకు గుర్తు రాలేదు. ఆ నవ్వు దగ్గర వీడియో ఆపి, మళ్లీ మొదటినుంచి చూశాడు.

ఇంటికి వెళ్తే కెజియా చేపలు తోముతోంది.

"ఏమయ్యా, ఓడ పదికని చెప్పినావంట పెంచలకృష్ణకు?"

"నోరు జారింది."

"మీ నాయన వినుంటే తెడ్డు తీసుకోని కొట్టుండేవాడు."

"వాడితో నీకు నవ్వులేంది?"

"వాళ్లు తాడు పట్టుకోను రాక ఎనక్కి పడినారు. నవ్వకుండా ఏడవమంటావా?" కత్తి ఆపి అతని వైపు చూసింది. "పన్నెండేళ్లు ఆ వల పక్కనే ఆటో పోనిచ్చినావు. ఒక్కరినన్నా దించినావా?"

"అదేం చూసేది? మన పని."

"వాళ్లు చూసినారు మరి."

సోమవారం రేవతి ఆండ్రూ ఆటో ఎక్కలేదు. ఇద్దరినీ పంచాయతీ ఆఫీసుకు పిలిచింది. కాగితం మీద ఓడ కొట్టేసి ఉంది. ఆ స్థానంలో 'వల లాగే రేవు' అని రాసి ఉంది.

"ఆండ్రూ, ఆ వేళకు పొమ్మన్నది మీరేనంట. మీవల్లే వల చూశాం. ఇద్దరి నెంబర్లూ వేద్దాం."

"అన్న నెంబరు పైన వెయ్యండి మేడమ్," అన్నాడు పెంచలకృష్ణ. "అన్నకు తెలిసే పంపినాడు. ఓడ వంకన వల చూపించినాడు."

ఆండ్రూ అతని ముఖంలో ఎగతాళి వెతికాడు. లేదు. ఉంటే బాగుండేదనిపించింది. ఊ అంటే చాలు, నెంబరు బోర్డెక్కుతుంది. కానీ అది పెంచలకృష్ణ పెట్టిన భిక్ష అవుతుంది.

"తెలిసి పంపలా," అన్నాడు. "అబద్ధం చెప్పినా. నిన్న ఓడ కనబడేది సాయంత్రం నాలుక్కి. మీ ముందర వీడు నగుబాటు కావాలని పదికని చెప్పినా."

"ఇప్పుడెందుకు చెబుతున్నారు?" అంది రేవతి.

"వీడు దానం చేసే పేరు నాకొద్దు మేడమ్. వల చూపించింది వీడి తెలివీ గాదు. నా అబద్ధం."

రేవతి పెన్ను తీసింది. "బయటి ఊళ్లవాళ్లకు కూడా ఇట్లాగే చెబితే నేనేం జవాబు చెప్పాలి?" అని ఆండ్రూ నెంబరు మీద గీత గీసింది.

శుక్రవారం బోర్డు నిలబెట్టారు. పదకొండు గంటల బస్సులో మొగుడూ పెళ్లాం దిగి ఆండ్రూ ఆటో దగ్గరికి వచ్చారు.

"వల లాగే రేవుకు వస్తారా?"

"బోర్డు మీద నెంబరుండాది," అన్నాడు ఆండ్రూ. "ఆయన్నడగండి."

"మీ ఆటో ఖాళీగానే ఉందిగా?"

"ఆయన్నడగండి."

వాళ్లు ఫోను చేశారు. పెంచలకృష్ణ ఎంతసేపట్లో వస్తాడోనని ఆండ్రూ టైము చూసుకున్నాడు. ఆరు నిమిషాలు పట్టింది. తనైతే అక్కడే ఉన్నాడు.