కొట్టేయని లెక్క

పొద్దుటి నుంచి ఊర్మిళ పేనిన జంధ్యాలు ముప్ఫై అయ్యాయి. ఇంకా తొమ్మిది పేనాలి. రేపు నూలు పున్నమి. సిరిసిల్ల నుంచి సూరత్ వచ్చి కోసాడ్ క్వార్టర్లలో ఉంటున్న మగవాళ్లంతా జంధ్యాలు మార్చుకోవడానికి ఈ ఇంటికే వస్తారు. వీళ్లింటి ఆచారం ప్రకారం పోగులు పేనేది కోడలు, మెడలో వేసుకునేది మగవాళ్లు. పేనిన వేళ్ల ఊసు ఏ మంత్రంలోనూ రాదు. మంత్రాలు రాసినవాళ్లకు వేళ్లు నొప్పి పుట్టి ఉండవు మరి!

తొమ్మిదింటికి ఫోన్‌లో మెసేజ్ వచ్చింది. కాలేజీలో ఆమె గైడ్ దగ్గరే చేరిన జూనియర్ గోపాల్. "అక్కా, నీ స్లైడ్స్ పంపు. పదకొండుకు కమిటీ ముందు నీ బదులు నేనే చెప్తున్న. సార్ చెప్పమన్నడు."

ఊర్మిళ నూలు పక్కన పెట్టి మొగుడి దగ్గరికి వెళ్లి మెసేజ్ చూపించింది. కమలాకర్ మరమగ్గాల కార్ఖానాలో మేస్త్రీ. రేపు పండగని ఈ రోజు నుంచే పని లేదు, చాయ్ తాగుతున్నాడు.

"నేనే మీ సారుకు ఫోన్ జేసిన. ఇంట్ల పున్నం పనులున్నయ్, ఆమెకు ఛుట్టీ ఇయ్యుండ్రి అన్న. మంచిమనిషి, ఒక్క మాటకు ఒప్పుకున్నడు."

"నన్ను అడగకుండనా?"

"అడుగుతే నువ్వు ఊకుంటవా? గింత ముచ్చటకు మూతి ముడుచుడేంది! మల్ల చెప్తవ్ తియ్."

పొయ్యి దగ్గర నుంచి అత్త లలితమ్మ అందుకుంది. "నీ కష్టం జూసే చెప్పిండు బిడ్డా. గిసొంటి మొగడు ఎందరికి దొరుకుతడు?"

ఎవరికీ దొరక్కూడదు దేవుడా, అనుకుంది ఊర్మిళ. థీసిస్ ఇచ్చే ముందు కమిటీ ఎదుట నిలబడి చెప్పి తీరాలి. ఈ రోజు తప్పితే మళ్లీ దీపావళి దాటాకే. ఆలోపు గోపాల్ నోటితో చెప్పింది గోపాల్‌దే అవుతుంది. పేపర్ మీద కూడా వాడి పేరే ముందు వేద్దామని సార్ పోయిన నెలే అన్నాడు. "నీకు ఇల్లుంది బేటా, వాడికి ఉద్యోగం కావాలి" అన్నాడు. సెమినార్లలో గోపాల్ చేతికి ప్రొజెక్టర్, ఊర్మిళ చేతికి చాయ్ ట్రే ఇచ్చేదీ ఆయనే.

నాలుగేళ్ల పని అది. భూమధ్యరేఖ మీద, మబ్బులకు చాలా పైన, గాలి ఏడాదికి పైగా తూర్పు నుంచి వీస్తుంది. ఆ తర్వాత నెమ్మదిగా తిరగబడి పడమటి నుంచి వీస్తుంది. దాన్ని తిప్పేది కింద వాన మబ్బుల్లో పుట్టి పైకి పోయి చెదిరిపోయే చిన్న చిన్న అలలు. ఒక్కో అలనూ విడిగా తీసుకుని సగటు చూస్తే సున్నా, ఏమీ జరగనట్టే. కదలికలను ఒకదానితో ఒకటి గుణించి చూస్తేనే ఏదో కొంచెం మిగులుతుంది. ఆ కొంచెం నెలల తరబడి చేరి చేరి అంత గాలినీ వెనక్కి తిప్పుతుంది. "సమీకరణంలో నలుసంత పదాలు, కొట్టేయ్ బేటా, లెక్క తేలికవుతుంది" అన్నాడు సార్. ఆమె కొట్టేయలేదు. అన్నం ఉడికేలోపు, బట్టలు ఆరేలోపు, వంటింటి గట్టు మీద లాప్‌టాప్ పెట్టుకుని ఒక్కో పదాన్నీ మోసింది. మరి ఇంట్లో? "చాయ్‌ల చక్కెర తక్కువైంది, గిదేనా నీ పీహెచ్‌డీ?" అన్న మాట, "ఆకాశం సంగతి తర్వాత, ముందుగాల్ల అంగీ ఇస్త్రీ చెయ్" అన్న మాట, చుట్టాల ముందు "మావోడు చదివిస్తున్నడు" అన్న మాట. చిన్నవే కదా, పోనీలే అని ఏ రోజుది ఆ రోజే కొట్టేసింది. ఆకాశంలో ఒక్క పదం వదలని మనిషి, సొంత ఇంట్లో తొమ్మిదేళ్లుగా తప్పుడు లెక్క చేస్తూ వచ్చింది. ఆమెకు తన మీదే ఒళ్లు మండింది.

చీర మార్చుకుని లాప్‌టాప్ సంచి భుజాన వేసుకుంది.

"గదేందే, ఇంక తొమ్మిది జంధ్యాలున్నయ్!" లలితమ్మ గరిటెతో సహా గుమ్మానికి అడ్డం వచ్చింది.

"నూలు ఆడనే ఉంది అత్తమ్మా. మీ కొడుకుది పోగుల పనే గదా, పేనుమనుండ్రి."

"ఊర్మిళా, ఇజ్జత్ తీస్తున్నవ్!" అని కమలాకర్ అరుస్తూనే ఉన్నాడు. ఆమె మెట్లు దిగిపోయింది. బస్సులో ఫోన్ పదకొండుసార్లు మోగింది. భయం వేయలేదంటే అబద్ధం. సాయంత్రం మళ్లీ ఆ ఇంటికే వెళ్లాలి.

ఆమె చేరేసరికి పదకొండున్నర. సార్ దగ్గరున్న పాత స్లైడ్స్ పెట్టి, గోపాల్ ఆమె గీసిన బొమ్మనే తెర మీద చూపిస్తున్నాడు. బయటి ఊరి నుంచి వచ్చిన ఒక పెద్ద ప్రొఫెసరమ్మ అడిగింది. "ఈ చిన్న పదాలు ఎందుకు ఉంచారు? కొట్టేస్తే ఏమవుతుంది?"

గోపాల్ సార్ వైపు చూశాడు. సార్ నవ్వాడు. "అదంత ముఖ్యం కాదు మేడమ్."

"కొట్టేస్తే గాలి తిరగదు మేడమ్" అంది ఊర్మిళ తలుపు దగ్గర నుంచి. "ఎన్నేళ్లయినా ఒకే దిక్కుకు వీస్తుంది. లెక్క నాది, నేను చెప్తాను."

హాలంతా వెనక్కి తిరిగింది. సార్ లేచి, తండ్రిలాంటి గొంతుతో అన్నాడు. "అరే బేటా, ఇంట్లో పూజ ఉందట కదా. మీ ఆయన అడిగాడు, నేను సెలవు ఇచ్చేశాను."

ఊర్మిళ నడిచి వెళ్లి, గోపాల్ చేతిలోని రిమోట్ తీసుకుంది.

"సెలవు నేను అడగలేదు సార్. అడిగిన మనిషికే ఇవ్వండి."