అది ఏడుపు కాదు

సోమవారం పొద్దున్న పనిలోకి వెళ్ళగానే లాండ్రీలో ఉన్నవాళ్ళంతా మాటలాపేసి తనవైపు జాలిగా చూడటం వదినకు వింతగా తోచింది. రోజూ ఏదో ఒకటి అని వేళాకోళమాడే ఇస్త్రీ తాత తల వంచుకుని ఒకే దుప్పటిని మళ్ళీ మళ్ళీ రుద్దుతున్నాడు. జ్వరమొచ్చి మూలుగుతున్నా సెలవివ్వని సూపర్‌వైజరమ్మ స్వయంగా ఎదురొచ్చి భుజం మీద చెయ్యి వేసింది.

"ఇవాళ ఇంటికెళ్ళి విశ్రాంతి తీసుకోమ్మా. పనిదేముంది, ఎవరో ఒకరం చూసుకుంటాం."

"నాకేమైందండీ విశ్రాంతికి?"

"ఇంత జరిగినా ఎంత గుండె ధైర్యం నీది!" అంటూ ఆవిడ కళ్ళు ఒత్తుకుని, ఫోను తీసి చూపించింది.

ఫోనులో వదినే ఉంది. చీలమండల దాకా నీళ్ళలో కుర్చీ వేసుకుని, మొహానికి తువ్వాలు అడ్డం పెట్టుకుని, భుజాలు అదిరిపోయేలా కుమిలిపోతోంది. పక్కనే అత్తగారు శాలువా కప్పుకుని శూన్యంలోకి చూస్తోంది. వెనక ఎవరో పోయినట్టు వయొలిన్ మీద రాగం తీస్తున్నారు. కింద పెద్దపెద్ద అక్షరాలు: "ఇల్లు మునిగి కన్నీరుమున్నీరవుతున్న ఇల్లాలు. సాయం కోసం కదల్లేని వృద్ధురాలి ఎదురుచూపు."

వదినకు ఒక్క క్షణం ఏమీ అర్థం కాలేదు. అర్థమయ్యాక ఒళ్ళంతా భగ్గుమంది.

"ఇది ఏడుపు కాదండీ! నవ్వు! నేను నవ్వుతున్నాను!"

సూపర్‌వైజరమ్మ మరింత జాలిగా చూసింది. "బాధ ఎక్కువైతే అలాగే అవుతుందమ్మా," అంది.

అసలు జరిగింది ఇదీ. వాళ్ళుండే నాలుగంతస్తుల ఇల్లు సముద్రానికి రెండు వీధుల ఇవతల ఉంది. కింది అంతస్తు బళ్ళు పెట్టుకోవడానికి వదిలిపెట్టారు. గట్టి వాన పడుతుండగా సముద్రం కూడా పోటు మీద ఉంటే, కాలవలు వెనక్కి తన్ని అక్కడికి కాస్త నీరు చేరుతుంది. పోటు తగ్గగానే వచ్చిన దారినే పోతుంది. కొత్తగా చేరినవాళ్ళు మొదట్లో కంగారు పడతారు. పాతవాళ్ళు మాత్రం స్కూటర్లు ఎత్తు మీదికి నెట్టి, ప్లాస్టిక్ బల్ల, కుర్చీలు దింపి, పాదాలు నీళ్ళలో పెట్టుకుని పేకాటకి కూర్చుంటారు. ఆదివారమైతే ఇక చెప్పక్కర్లేదు. ఒక ఇంటినుంచి ఫ్లాస్కుతో టీ, ఒక ఇంటినుంచి వేయించిన పల్లీలు, ఇంకో ఇంటినుంచి పాత రేడియో. మోకాళ్ళ నొప్పులున్న అత్తగారిని కుర్చీతో సహా ఇద్దరు మోసుకొస్తుంటే, ఆవిడ మెట్టుమెట్టుకీ "నెమ్మదిరా, నన్ను గాని గోడకి కొట్టారంటే!" అని కేకలేస్తూ మహారాణిలా దిగుతుంది.

లాండ్రీలో వదినది ఆరబెట్టే గది. హోటళ్ళ దుప్పట్లు, ఆసుపత్రి కోట్లు, ఎండ మొహం చూడక ఇళ్ళలో ముక్కిపోయే బట్టలు అన్నీ ఆమె చేతికే వస్తాయి. వారమంతా ఆ వేడిగాలిలో పెదవులు చిట్లి, వేళ్ళు బీటలు వారి, కళ్ళలో తడి కూడా ఇగిరిపోయినట్టుంటుంది. అందుకే ఆదివారం నాడు వాన పడకపోతే ఆమెకు ఊపిరాడదు. చల్లటి నీళ్ళలో కాళ్ళు పెట్టగానే "అబ్బ!" అని ఆమె అనే ఆ ఒక్క మాట కోసమే రెండో అంతస్తు డ్రాయింగు మాస్టారు తన కుర్చీని ఆమె ఎదురుగా వేసుకునేవాడు. "ఆ మాట వింటే నా కాళ్ళు కూడా చల్లబడతాయి వదినా," అనేవాడు. ఆయనకు ఆమె తండ్రి వయసుంటుంది. అయినా ఆ నాలుగంతస్తుల్లో చిన్నాపెద్దా అందరికీ ఆమె వదినే. మరి అన్న ఎవరయ్యా అంటే, హార్బరులో క్రేను నడిపే ఆమె మొగుణ్ణి చూపించేవాళ్ళు.

ఆ ఆదివారం అత్తగారు వరసగా గెలుస్తోంది. ఎలా గెలుస్తోందో ఎవరికీ అంతుపట్టలేదు. ఇంతలో ఆవిడకు తుమ్మొచ్చింది. తుమ్ముకి శాలువా కదిలింది. శాలువాలోంచి జోకరు ముక్క జారి నీళ్ళలో పడి, వెల్లకిలా తేలుతూ, బల్ల చుట్టూ ఉన్న ప్రతివాళ్ళ కాళ్ళ ముందునుంచీ తీరిగ్గా సాగిపోయింది. అందరూ నోళ్ళు తెరిచి దాన్నే చూస్తున్నారు. అత్తగారు మాత్రం గోడవైపు చూస్తూ, "ఎవరిదో పాపం, ముక్క పారేసుకున్నారు," అంది.

అప్పుడే వదిన మొహానికి తువ్వాలు అడ్డం పెట్టుకుంది. కడుపు పట్టుకుని, ఊపిరి తిరగక, కళ్ళవెంట నీళ్ళు కారేలా నవ్వింది. సరిగ్గా ఆ సమయానికే వీధిలో వాన దృశ్యాలు తీస్తున్న టీవీ వాళ్ళ కెమెరా ఇటు తిరిగింది. ఎవరో వచ్చారు, తీసుకున్నారు, వెళ్ళారు. ఎవరూ పట్టించుకోలేదు.

ఆ సోమవారం వదిన సెలవు తీసుకోలేదు. రోజంతా డ్రయ్యరు తలుపులు దబదబా మూస్తూనే ఉంది. సాయంత్రం ఇంటికొచ్చేసరికి అక్క ఫోను.

"వచ్చెయ్యవే, మా ఇంటికొచ్చెయ్. ఆ తడి ఊళ్ళో ఎన్నాళ్ళు పడుంటావు? నాకు ముందే తెలుసు. ఫోను చేసినప్పుడల్లా హాయిగా ఉన్నానంటావు, నవ్వుతావు. అదంతా నా కోసం నటిస్తున్నావని నాకు తెలీదా?"

"నటించడమేంటక్కా? నేను నిజంగానే హాయిగా ఉన్నాను."

"చూశాంగా, ఎంత హాయిగా ఉన్నావో," అని అక్క వెక్కివెక్కి ఏడ్చింది.

ఫోను పెట్టేశాక వదిన మంచం మీద కూలబడింది. నిన్నటి ఒక్క నవ్వే కాదు, ఇన్నేళ్ళుగా అక్కతో నవ్విన నవ్వులన్నీ ఒక్క వయొలిన్ దెబ్బకి అబద్ధాలైపోయాయి.

మొగుడు తువ్వాలుతో తల తుడుచుకుంటూ, "పోనీలేవే. నాలుగు రోజులు పోతే వాళ్ళే మర్చిపోతారు," అన్నాడు.

"ఎలా పోనిస్తానండీ? నా ఇంట్లో సామాను పట్టుకుపోతే దొంగ అంటారు. నా నవ్వు పట్టుకుపోయి ఏడుపని అమ్ముకుంటే ఏమనాలి?"

"ముందు నన్ను కదల్లేనిదన్న వాడెవడో చెప్పండి," అని లోపలిగదిలోంచి అత్తగారు అరిచింది. "కదిలొస్తాను."

మర్నాడు ఇంకో తమాషా జరిగింది. టీవీ చూసి వార్డు మెంబరుకు బాధ్యత గుర్తొచ్చింది. మనుషుల్ని పంపించి కింది అంతస్తుకి ఇనప గేటు పెట్టించి, తాళం వేయించి, "ప్రజల భద్రత దృష్ట్యా ప్రవేశం లేదు" అని బోర్డు కట్టించాడు. స్కూటర్లన్నీ వీధిలో వానకి తడుస్తున్నాయి. బల్లా కుర్చీలూ లోపలే ఉండిపోయాయి. వదిన వాళ్ళవి రెండు చిన్న గదులు. వాటిలో ఆరేసిన బట్టల కింద వంగి నడవాలి. పదిమంది కూర్చునే చోటెక్కడిది? మేడ మీదేమో వాన.

గురువారం పని ముగియగానే వదిన అత్తగారిని మెల్లగా నడిపించుకుంటూ తీసుకెళ్ళి బస్సెక్కింది. టీవీ వాళ్ళ ఆఫీసులో ఎడిటరు గది ఆరబెట్టే గదికి సరిగ్గా వ్యతిరేకం. చలికి పళ్ళు టకటకలాడతాయి. ఆయన చాలా మర్యాదగా కుర్చీలు వేయించాడు.

"మీ బాధ ఊరంతా చూసిందమ్మా. చాలామంది కదిలిపోయారు," అన్నాడు.

"నాకు బాధే లేదండీ. అది చెప్దామనే వచ్చాం. నేను నవ్వుతుంటే ఏడుస్తున్నానని వేశారు. తప్పయిందని చెప్పి, మాటలతో సహా మొత్తం చూపించండి."

ఎడిటరు చిన్నగా నవ్వాడు. "అమ్మా, ఊళ్ళో వాన పడుతుంటే మనుషులు నవ్వుతున్నారని వేస్తే ఎవరు చూస్తారు? పైగా నిజంగా మునిగినవాళ్ళకి కోపం రాదూ?"

"నిజంగా మునిగినవాళ్ళుంటే వాళ్ళ దగ్గరికి వెళ్ళండి. కాలవ అవతల పాకల్లోకి నీళ్ళొచ్చాయి. అక్కడికి వెళ్తే మీ బూట్లు పాడవుతాయని మా వీధి మొదట్లోనే ఆగిపోయారు. రోడ్డు మీద నిలబడి తీసుకోవడానికి మేం దొరికాం. వాళ్ళ ఏడుపు మీకు అక్కర్లేదు, మా నవ్వు మీకు అక్కర్లేదు. మీకు కావలసింది ఒక తువ్వాలు!"

ఎడిటరు మొహంలో మర్యాద ఆరిపోయింది. "చూద్దాంలెండి," అని ఫోను అందుకున్నాడు.

"బాబూ," అంది అత్తగారు. "ఆ రాసింది ఎవరు? కదల్లేని వృద్ధురాలని?"

"అది మామూలుగా రాస్తామండీ."

"మామూలుగానా? మీ అమ్మని కూడా అలాగే రాస్తావా?"

ఆయన ఫోను చెవికి పెట్టుకుని కుర్చీ అటు తిప్పేసుకున్నాడు. బయటికొస్తుంటే మెట్ల దగ్గర ఒక అమ్మాయి వెంటపడి వచ్చింది. జుట్టు తడిగా ఉంది, మెడలో గుర్తింపు కార్డు వేలాడుతోంది. ఆ రోజు కెమెరాతో వచ్చిన రిపోర్టరు తనేనట.

"ఆంటీ, నేను ఏడుపని రాయలేదు. నవ్వుకుంటున్నారనే రాసిచ్చాను. పైన మార్చేశారు."

"మార్చేస్తుంటే నువ్వేం చేశావమ్మా?" అని వదిన నిలదీసింది.

ఆ అమ్మాయి వదిన నంబరు అడిగింది. ఫోను తీసి, అసలు వీడియో ఆమెకు పంపించింది. అందులో తుమ్ముంది, జోకరుంది, "ఎవరిదో పాపం" అన్న మాట కూడా స్పష్టంగా వినిపిస్తోంది. మెట్ల మీదే అత్తగారు రెండుసార్లు వేయించుకుని చూసింది.

"ఆదివారం వార్డు మెంబరు మీ ఇంటి ముందు దుప్పట్లు పంచుతున్నారు," అంది ఆ అమ్మాయి గొంతు తగ్గించి. "మేం లైవ్ ఇస్తున్నాం. లైవ్‌లో కొయ్యడానికి ఉండదు, వయొలిన్ పెట్టడానికీ ఉండదు. మైకు నా చేతిలోనే ఉంటుంది."

వదిన ఆ వీడియోను ముందు అక్కకే పంపింది. చాలాసేపటికి జవాబొచ్చింది. "మీ అత్తగారితో నేను ఛస్తే పేకాడను." చదివి వదిన మొదటిసారి కాస్త మెత్తబడింది గాని, గేటు చూడగానే మళ్ళీ మండింది.

ఆదివారం వాన దంచి కొడుతోంది. వార్డు మెంబరు గొడుగులతో, అనుచరులతో, దుప్పట్ల మూటలతో దిగాడు. రిపోర్టరమ్మాయి మైకు పట్టుకుని నిలబడింది. మెంబరు మొదటి దుప్పటి తీసి, కెమెరా వైపు తిరిగి, వదిన చేతుల్లో పెట్టబోయాడు. వదిన చేతులు కట్టుకుంది.

"నా దగ్గర దుప్పట్లున్నాయండీ. రోజూ వందలు ఆరేస్తుంటాను. లేనిది ఆ గేటు తాళం చెవి."

"అమ్మా, అది మీ క్షేమం కోసమే వేయించాం."

"మా క్షేమం గురించి మమ్మల్ని అడిగారా? ఇన్నేళ్ళుగా కాలవలు బాగుచేయమని అడుగుతుంటే రాలేదు. మేం సుఖంగా కూర్చున్న చోటికి మాత్రం ఒక్క రోజులో తాళం వచ్చిందే! వారమంతా ఒళ్ళు ఎండగొట్టుకుని పనిచేస్తాం. ఆదివారం కాసేపు నవ్వుకుంటాం. ఆ నవ్వు చూసి మీకు జాలేసిందా? జాలిపడటానికి నేనేం పోగొట్టుకున్నాను? పోగొట్టుకున్నది ఆ తాళం వల్లే! ఈ దుప్పట్లు కాలవ అవతల పంచండి. అక్కడ మనుషులు తడి నేల మీద పడుకుంటున్నారు."

చుట్టూ ఉన్న కిటికీలన్నీ తెరుచుకున్నాయి. మెంబరు అటూ ఇటూ చూసి, కెమెరా ఆగలేదని గ్రహించి, "తప్పకుండా పరిశీలిస్తాం," అన్నాడు.

అప్పుడు అత్తగారు మెంబరు కారుకి అడ్డంగా కుర్చీ వేయించుకుని కూర్చుంది. వదిన గొడుగు పట్టబోతే వద్దంది.

"తాళం తీసేదాకా నేను ఇక్కణ్ణుంచి లేవను బాబూ. లేవమన్నా లేవలేను. కదల్లేనిదాన్నని మీ టీవీలోనే చెప్పారుగా!"

వీధంతా ఒక్కసారిగా గొల్లుమంది. డ్రాయింగు మాస్టారు రెండో అంతస్తు కిటికీలోంచి చప్పట్లు కొట్టాడు. మెంబరు అనుచరుడొకడు జేబులు తడుముకుని తాళం చెవి తీశాడు. దుప్పట్ల మూటలు మళ్ళీ వ్యానెక్కాయి. అవి కాలవ దాటే వరకూ వెంట వెళ్ళి చూసి రమ్మని వదిన మొగుణ్ణి స్కూటరు మీద పంపింది. ఆయన ఒళ్ళంతా తడిసి తిరిగొచ్చి, పంచారని చెప్పాడు. చెప్పాకే ఆమె గేటు లోపల అడుగుపెట్టింది.

బల్ల తుడిచారు. నీళ్ళు పాదాల మీదికి వచ్చాయి. ముక్కలు పంచుతుండగా డ్రాయింగు మాస్టారు ఫోను పట్టుకుని దిగాడు. ఆయన మొహం చూస్తేనే ఏదో జరిగిందని తెలుస్తోంది.

"వదినా, కోప్పడకు. మధ్యాహ్నం వార్తల్లో వేశారు."

"ఏమని?"

"కట్టలు తెంచుకున్న వరద బాధితుల ఆవేదన."

వదిన చేతిలో ముక్కలు బల్ల మీద విసిరికొట్టి లేచింది. "మళ్ళీ బాధితులా? ఇంకా ఆవేదనేనా? కోపానికి కూడా వీళ్ళకి పేరు తెలీదా? బస్సెన్నింటికండీ?"

"ఆదివారం ఆ ఎడిటరుండడే," అన్నాడు మొగుడు.

"అయితే రేపు వెళ్తాను. పని కాగానే వెళ్తాను. ఎన్నిసార్లయినా వెళ్తాను."

"వెళ్దువుగానిలే, నేనూ వస్తాను," అంది అత్తగారు ఆమె విసిరిన ముక్కల్ని ఒక్కొక్కటే తిప్పి చూస్తూ. "ముందు కూర్చో. ఇంత మంచి ముక్కలు పెట్టుకుని ఎవరైనా పారేస్తారా?"

"అత్తయ్యా, నా ముక్కలు చూడకండి!" అని వదిన గబుక్కున వాటిని లాక్కుని కూర్చుంది. ఇంకా గొణుగుతూనే, ఇంకా ఎడిటరును తిడుతూనే, వరస సర్దుకుని పక్కవాళ్ళను ముక్క వేయమంది.