ప్లగ్గులో పసుపు

“హెడ్‌సెట్ కనబడలేదు” అని కంప్యూటరు ఏడోసారి చెప్పేసరికి ప్రేమలతకు ఒళ్ళు మండింది.

2005, దసరా వెళ్ళిన మర్నాడు. బాన్సువాడలో జగన్మోహనరావు నడిపే కంప్యూటర్ సెంటర్లో ఆమె టీచరు. తండా నుంచి వచ్చి ఆ కుర్చీలో కూర్చున్న మొదటి పిల్ల. జగన్మోహనరావు హైదరాబాదులో సెకండ్‌హ్యాండ్ వీఆర్ హెడ్‌సెట్ కొనుక్కొచ్చాడు. తలకు తగిలించుకుంటే కళ్ళ ముందు కొండలూ సముద్రమూ కదులుతాయి. పదకొండింటికి ఊళ్ళో ప్రైవేటు బడి నడిపే హరనాథబాబు దాన్ని చూడడానికి వస్తాడు. నచ్చితే తన బడి పిల్లలందరినీ ఈ సెంటర్లోనే చేరుస్తాడు.

“అది పనిచెయ్యకపోతే రేపట్నుంచి నువ్వు రానక్కర్లేదు” అని జగన్మోహనరావు పొద్దున్నే చెప్పేశాడు. “మొన్నటిదాకా బాగానే ఉంది. నువ్వే ఏదో కెలికుంటావు. తండాలో పుట్టినదానికి యంత్రాలేం తెలుస్తాయిలే.”

తండాలో పుట్టినదానికే ఇక్కడి ఆరు కంప్యూటర్లూ లొంగుతున్నాయి. ఈ పెద్దమనిషికి ప్రింటరులో కాగితం పెట్టడం కూడా రాదు. ఆ మాట నోటిదాకా వస్తే మింగేసింది. సాఫ్ట్‌వేరు తీసేసి మళ్ళీ ఎక్కించింది. కంప్యూటరు ఆపి వేసింది. వేరే సాకెట్టులో గుచ్చింది. అదే మాట. విసురుగా ప్లగ్గు పీకితే గోటి మీద పసుపు పెచ్చు రాలింది.

ప్లగ్గును వెలుతురులో పెట్టి చూసింది. లోపలంతా ఎండిపోయిన పసుపు ముద్ద. నిన్న ఆయుధపూజలో జగన్మోహనరావు ట్రాక్టరుకూ బోరు మోటారుకూ పూసినట్టే, ఇనుము కనబడిన చోటల్లా దీనికీ తన చేత్తోనే పూశాడు.

పిన్నీసుతో గీకి, స్పిరిటు దూదితో తుడిచి, ఆరనిచ్చి గుచ్చింది. హెడ్‌సెట్ కనబడింది.

“మీరు పెట్టిన పసుపే సార్ గిది” అని దూది చూపించింది.

అతని మొహం మాడిపోయింది. “సరే, సరే. హరనాథబాబడిగితే నీ పొరపాటేనని చెప్పు. నీ ఉద్యోగం నీకుంటుంది.”

అరగంట నుంచి బయట కూర్చున్న హరనాథబాబు లోపలికొచ్చి, హెడ్‌సెట్ తగిలించుకుంటూ, “ఏమైందమ్మా దీనికి?” అన్నాడు.

ఉద్యోగం నిలవాలంటే ఒక్క అబద్ధం చాలు. కానీ రేపు తండా నుంచి ఇంకో పిల్ల వస్తే, ‘అప్పుడొకతె పాడుచేసింది’ అంటూ ఆమెను గుమ్మంలోంచే పంపేస్తారు.

“మా సార్ పూజ చేస్తే ప్లగ్గుల పసుపు ఇరికింది సార్. పొద్దుగాల నుంచి తిట్లు తిన్నది నేను. గీకి తీసింది గూడ నేనే.”

“రేపట్నుంచి రాకు” అని జగన్మోహనరావు పళ్ళు కొరికాడు.

“రేపటిదాక ఎందుకు సార్, గిప్పుడే పోత.”

చెప్పులేసుకుని మెట్లు దిగింది. వెనక హరనాథబాబు గొంతు వినబడింది. “బాగుందండీ. ఇప్పుడేం నొక్కాలి?”

కాసేపటికి జగన్మోహనరావు గుమ్మంలోకి పరుగున వచ్చాడు. “ప్రేమలతా, ఒక్కసారి లోపలికి రామ్మా.”

ఏడు నెలల్లో ఆమెను పేరు పెట్టి పిలవడం అదే మొదలు. ఆమె ఆగలేదు.