కెప్టెన్ ఈశ్వరిని ఎందుకు చంపినవ్?

శనివారం పొద్దున నా అంతరిక్ష నవల ‘పావురం నౌక’ మూడో భాగం, అంటే ఆఖరుది, యాప్‌లో పెట్టాను. ఆదివారం పదింటికల్లా నలభై ఒక్క అభిప్రాయాలు వచ్చాయి. చదవొద్దనుకుంటూనే చదివాను. ఆపాటి బుద్ధి ఉంటే నవలలెందుకు రాస్తాను?

‘మొదటి రెండు భాగాలు అదిరిపోయాయి. మూడోది ఉసూరుమనిపించింది.’

‘మూడు గ్రహాల యుద్ధాన్ని నాలుగు పేజీల్లో ముగించారు. తొందరేమొచ్చింది?’

హుజూర్‌నగర్ నుంచి దామోదర్ అనే ఆయన నౌకలో ఇంధనం లెక్క తప్పిందని ఒక పేజీ రాశాడు. రాసుకోనీ. మిగిలిన వాళ్లందరిదీ ఒకటే అరుపు: కెప్టెన్ ఈశ్వరిని ఎందుకు చంపినవ్?

వాళ్ల కోపానికి నేను భయపడలేదు. నా భయమంతా లోపలి గదిలో మగ్గం నేస్తున్న ఒక్క పాఠకుడి గురించే. ఆయన మా బాపు, వెంకటరాజం. పక్కింటి శోభక్క పొద్దున్నే వచ్చి ఆయన ఫోన్‌లో నవల పెట్టి, గోడకు తగిలించి పోయింది. మగ్గం చప్పుడు మధ్యలో ఫోన్ గొంతు ఒక్కో అధ్యాయమే చదువుతోంది.

కెప్టెన్ ఈశ్వరి మా అమ్మే. అమ్మ పేరు రాజమణి. కరోనా వచ్చిన ఏడాది అంబులెన్సులో పట్నం దవాఖానకు పోయింది, మళ్లీ చూడనివ్వలేదు. ఆ ఉక్రోషంతోనే నౌకను కట్టి, అమ్మను దాని మీద ఎక్కించాను. ఈశ్వరి ఫిరంగులు పేల్చేవాణ్ని కూడా “సచ్చినోడా, తిన్నవా?” అనే పలకరిస్తుంది. మొదటి భాగం చదివి వినిపించినప్పుడు బాపు నవ్వీ నవ్వీ కళ్లు తుడుచుకున్నాడు. “మల్ల ఇంట్ల తిరుగుతున్నట్టే ఉన్నది బిడ్డా,” అన్నాడు. అప్పటి నుంచి ప్రతి అధ్యాయమూ ముందు ఆయనకు వినిపించి, తర్వాతే లోకానికి పెట్టాను. ఈశ్వరి ఒక్కతే, ఒక్క మాటా లేకుండా పోయే ఈ ఆఖరు భాగం మాత్రం వినిపించలేదు. ధైర్యం చాల్లేదు. ఒకసారి పోయిన అమ్మను రెండోసారి నేనే ఆయన దగ్గర్నుంచి లాక్కుంటున్నానని తెలుసు.

పదకొండింటికి మగ్గం ఆగింది. చీర అయిపోయి ఉంటుందిలే అని సర్దిచెప్పుకున్నాను. కానీ ఫోన్ గొంతు కూడా ఆగింది. లేచి లోపలికి పోయాను.

బాపు చేతిలో కోసిన చీర ఉంది. ఎదురుగా మగ్గం మీద, పోగులు దూరి ఉండాల్సిన దువ్వెనలాంటి అచ్చు బోసిగా ఉంది. చీర కోసే ముందు పడుగు, అంటే నిలువు పోగుల, చివరలను కట్టలు కట్టలుగా ముడేసి అచ్చులోనే ఉంచుతారు. కొత్త పడుగు పోగులను వాటికే అతుకుతారు. ముడేయకుండా కోస్తే పోగులన్నీ వెనక్కి జారిపోతాయి. నేర్చుకునే పిల్లలు కూడా చెయ్యని ఆ తప్పు బాపు చేశాడు. పైగా ఆ అచ్చులోకి ఒక్కో పోగూ ఎక్కించింది అమ్మ. ఆమె పోయాక ఎన్ని పడుగులు మారినా ఆమె ఎక్కించిన వరుస చెదరకుండా అతుక్కుంటూ వచ్చాడు బాపు.

“నాదే తప్పు బాపూ,” అన్నాను. ఏడుపొచ్చింది. “నీకు ముందుగాల చెప్పకపోతిని.”

“ఆమె పోయిందనంగనే చెయ్యి సోయిల లేకపాయె,” అన్నాడు. చీర మడతపెట్టి పక్కన ఉంచాడు. “గని బిడ్డా, నువ్వు రాసింది తప్పే. మీ అమ్మ గట్ల సప్పుడు చెయ్యక పోయే మనిషా?”

“ఎట్ల పోయిందో మనకేం ఎరుక బాపూ? దగ్గర ఎవ్వలు లేకపాయె.”

ఆయన బోసి అచ్చు మీద చెయ్యి వేశాడు.

“దవాఖాన నుంచి ఫోన్ చేసింది,” అన్నాడు. “నాకు ఏడుపు ఆగలే. తిట్టింది. ‘ఏడ్సుడు బందు వెట్టు, వాకిట్ల పడుగు ఉన్నది, వాన కొడ్తాంది, పోయి లోపల వెట్టు’ అన్నది. పోయి పెట్టొచ్చిన. మల్ల చేస్తే ఎత్తలే.” “ఫోన్ పట్టుకొని ఉండకపోతి. గా ఒక్క మాట నీకు చెప్పనీకి నోరు రాలే.”

ఇన్నేళ్లూ ఆ వానను ఒక్కడే మోశాడు. ఆయన పక్కన కూచుని చెయ్యి పట్టుకున్నాను.

ఆ మధ్యాహ్నం ఎవరి అభిప్రాయానికీ జవాబివ్వలేదు. చివరి అధ్యాయం తెరిచి కెప్టెన్ ఈశ్వరి చావును మళ్లీ రాశాను. రేడియోలో నావికుడు ఏడుస్తుంటే ఆమె కసురుతుంది: “ఏడ్సుడు బందు వెట్టు. బయట ఉల్కలు రాలుతున్నయ్. పోయి తలుపులు మూయ్.” వాడు పోయి మూసొస్తాడు. రేడియోలో ఇంకేమీ వినపడదు.

సాయంత్రం ఇద్దరం అచ్చుకు చెరోవైపు కూచున్నాం. బాపు వెనక నుంచి ఒక్కో పోగూ అందిస్తుంటే నేను ముందుకు లాగుతూ, రాసింది నోటితో చెప్పాను. తలుపులు మూసిన కాడికి వచ్చేసరికి ఆయన చెయ్యి ఆగింది.

“ఆ,” అన్నాడు. “గిప్పుడు పోయింది మీ అమ్మ.”

కాసేపటికి తర్వాతి పోగు అందించాడు.