రెండో బటన్

అయినా ఆకుపచ్చ కూడా ఒక రంగేనా, పాచి పట్టిన తొట్టెలా ఉంటుంది, నారింజ అయితే ఎంత దూరం నుంచైనా కళ్లకు కొట్టినట్టు కనిపిస్తుంది, ఇంకాసేపట్లో ఊరంతా చూస్తుందిగా, డాబాల మీద ఆరేసిన బట్టలు తీసేవాళ్లు, బస్సు కిటికీల్లోవాళ్లు, అందరూ తలెత్తి ఓహో నారింజ జట్టు పిల్లే గెలిచింది అనుకుంటారు, ఆ పిల్ల నా కూతురని వాళ్లకేం తెలుసు, తెలియకపోతే పోయె, టవర్‌కి దీపాలు వేసేది నేను, నాకు తెలిస్తే చాలు, ఈ ఆటల ప్రాంగణంలో ఈతకొలనుంది, పరుగుబాటలున్నాయి, అద్దాల కప్పు కింద కోర్టులున్నాయి, కానీ ఎవరినడిగినా ముందు టవర్ సంగతే చెబుతారు, నిలబెట్టిన గరిటెలా ఉందని కట్టిన కొత్తలో నవ్వినవాళ్లే ఇప్పుడు గరిటె దగ్గర ఎడమకి తిరగండి అని దారి చెబుతున్నారు, ఫైనల్లో ఆఖరి పాయింటు పడగానే చీకటి బటన్ నొక్కి ఆ గరిటె మొత్తం ఆర్పేయాలి, ఒక్క ఊపిరి పీల్చుకునేంతసేపు చీకటి, ఆ తర్వాత గెలిచినవాళ్ల రంగు, ఇక్కడి ఆనవాయితీ అది, అందుకే ఆట మొదలవ్వకముందే నా బల్ల మీది రెండు బటన్లకీ రెండు జట్ల రంగులూ ఎక్కించి పెట్టుకోవాలి, మొదటిదానికి నారింజ ఎక్కించాను, ఎంత ముద్దుగా ఎక్కించానో, కింద ముదురుగా, పైకి పోనుపోను లేతగా, రెండోదానికే చెయ్యి రాలేదు, కన్నకూతురు ఓడిపోతే వెయ్యాల్సిన రంగుని నా చేత్తో నేనే సిద్ధం చేసి పెట్టుకోవాలా, ఛీ ఛీ, ఇందాక మేనేజరు తలుపులోంచి తొంగిచూసి రెండూ ఎక్కించావా అమ్మా అంటే ఎక్కించకేం సార్ అన్నాను, అబద్ధమే, అయితే ఏమైంది, నొక్కే పనే లేని బటన్‌కి రంగెందుకు.

మోకాలి ఆపరేషన్ తర్వాత ఇదే మా పిల్లకి మొదటి ఫైనల్, గెలిచినవాళ్లకే జాతీయ జట్టులో చోటు, ఓడిపోతే రాకెట్ అటక మీద పడేస్తానమ్మా, ఇంక నా వల్ల కాదు అంది పొద్దున బూట్ల లేసులు కట్టుకుంటూ, అటకెక్కించడానికి అదేమైనా సొట్టలు పడ్డ బిందా, నోర్మూసుకుని ఆడు అన్నాను, నవ్వింది, ఆ పన్ను మీద పన్ను అచ్చం వాళ్ల నాన్నదే, చిన్నప్పుడు బడి కాగానే ఈ గదికే వచ్చి కేబుల్ చుట్టల మీద పడి నిద్రపోయేది, ఈ బటన్లన్నీ దానికీ కంఠతా వచ్చు, ఆసుపత్రిలో మళ్లీ పరిగెత్తగలనా అనడిగితే డాక్టరు గోడకేసి చూశాడు, నేనే చెప్పాను, పరిగెత్తుతావే, ఎందుకు పరిగెత్తవు, ఫోన్ మోగుతోంది, ఈయనే, కోర్టు పక్కనే కూర్చున్నారు, ఏమండీ ఎంతయింది, చెరో గేమూ గెలిచారే, మూడోదాంట్లో సమంగా ఉన్నారు, నాకు కాళ్లూ చేతులూ ఆడట్లేదే, మీవి ఆడకపోతే ఏం, దానివి ఆడుతున్నాయిగా, చూసి చెప్పండి.

గోడ అవతల ఒక్కసారిగా హోరు, నా వేలు అప్పటికే చీకటి బటన్ నొక్కేసింది, ఎవరు, ఏమండీ, ఎవరు గెలిచారు, ముక్కు ఎగబీలుస్తున్నారు, పోయిందే, కాక్ నెట్‌కి తగిలి మనవైపే పడిపోయింది, పోయిందా, ఎలా పోతుంది, బయట టవర్ నల్లగా నిలబడి ఉంది, జనం కేకలు ఆగిపోయాయి, వేలు మొదటి బటన్ మీదే ఉంది, ఒక్కసారి నొక్కితే ఊరంతా నారింజ, నొక్కలేను, ఎక్కడో ఏ కిటికీ దగ్గరో గెలిచిన ఆ పిల్లకీ ఒక అమ్మ ఉండి ఉంటుంది, ఈ గరిటెకేసే చూస్తూ ఉంటుంది, రెండోదానికి ఆకుపచ్చ ఎక్కిస్తున్నాను, కింద ముదురు, పైన లేత, పాచి రంగు కాకూడదు, లేత చిగురు రంగు రావాలి, ఊపిరి పీల్చుకునేంతసేపు ఎప్పుడో దాటిపోయింది, ఇదిగో, వెలిగింది, ఏడుపొస్తోంది గానీ బాగానే వెలిగింది.

మేనేజరు పరిగెత్తుకొచ్చాడు, అయిపోయింది నా పని అనుకున్నాను, అదిరిందమ్మా సస్పెన్స్, ఇకమీదట ప్రతి ఫైనల్‌కీ ఇంతసేపు చీకటి ఉంచు అనేసి వెళ్లిపోయాడు, పిచ్చి మారాజు, ఆయన వెనకే అది, చెమటతో తడిసి ముద్దయి, కళ్లు ఎర్రగా, తలుపుకి ఆనుకుని, ఏమ్మా, రెండో బటన్ ఖాళీగా పెట్టుకున్నావు కదూ, నీకెవరు చెప్పారే, ఎవరు చెప్పాలి, ఆ పిల్లతో చేతులు కలిపి పక్క తలుపులోంచి బయటికొచ్చాను, అప్పటికీ గరిటె నల్లగానే ఉంది, నువ్వు ఒక్కనాడైనా ఆలస్యం చేశావా, ఏం నమ్మకమమ్మా నీది అంటూ ఏడుస్తోంది, నవ్వుతోంది, ఏది ముందో తెలియడం లేదు, రాకెట్ల సంచీ నా బల్ల మీద ధన్‌మని పెట్టింది, ఇక్కడే ఉండనీ, పొద్దున్నే వచ్చి తీసుకుంటాను, మూల కోర్టు ఖాళీయో కాదో కనుక్కో అంది, కనుక్కోవడమెందుకు, ఖాళీ చేయిస్తాను, అంత ముద్దుగా ఎక్కించిన నారింజ ఊళ్లో ఒక్కరూ చూడలేదు, కానీ ఆ చీకటిని చూడాల్సిన పిల్ల చూసింది, ఇన్నేళ్లూ నేను వేసిన వెలుగుల్లో ఏదీ దాన్ని ఇంత తాకలేదు, వచ్చే ఫైనల్‌కీ రెండో బటన్ ఖాళీగానే ఉంచుతాను, మేనేజరు తొంగిచూసి అడిగితే ఎక్కించకేం సార్ అంటాను.